ఐదో ట్యాబ్

భార్యతో అబద్ధం చెప్పడం కష్టం. ఆవిడ మొహం చూడగానే నాలుక మడత పడుతుంది. అదే అబద్ధాన్ని ఒక యాప్ చేత చెప్పిస్తే? దానికి చెమట పట్టదు, మాట తడబడదు, "నా కళ్ళలోకి చూసి చెప్పండి" అంటే చూడ్డానికి కళ్ళే లేవు. ఈ సంగతి తట్టిన రోజున మన తెరల మేస్త్రికి కాళ్ళు నేలమీద ఆనలేదు.

తెరల మేస్త్రి అన్నది మామగారు పెట్టిన పేరు. మీ అల్లుడేం చేస్తాడని ఎవరడిగినా, "ఫోనులో తెరలు కడతాడండీ. ఈ తెర నొక్కితే ఆ తెర వస్తుంది, ఆ తెర నొక్కితే మన డబ్బులు పోతాయి" అని చెప్పేవారాయన. నిజానికి ఉద్యోగం అదే. ఏ ట్యాబ్ నొక్కితే ఎటు పోవాలి, లాగిన్ అయ్యాక ముందు ఏ స్క్రీన్ రావాలి, లాగౌట్ అయితే ఎక్కడ తేలాలి, పొద్దస్తమానం ఇదే గొడవ. చేసి చేసి మనిషి కూడా అలాగే తయారయ్యాడు. ఒక్కచోట కుదురుండదు. హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణించి బాల్కనీలోకి, ఎందుకొచ్చాడో మర్చిపోయి మళ్ళీ హాల్లోకి.

ఈమధ్య ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. అపార్ట్‌మెంటులో బ్యాడ్మింటన్ జోడీల పోటీ జరుగుతోంది. మేస్త్రికి జోడీ కింది ఫ్లాటులో ఉండే పళ్ళ డాక్టరు. ఇద్దరూ ఎలా నెగ్గుకొచ్చారో వాళ్ళకే తెలీదు గానీ, ఫైనల్స్‌కి వచ్చేశారు. మేస్త్రి పుట్టి బుద్ధెరిగి ఒక్క కప్పు గెలిచి ఎరగడు. బళ్ళో పరుగు పందెంలో కూడా తప్పు వైపు పరిగెత్తిన ఘనుడు. ఇప్పుడీ కప్పు కొట్టకపోతే ఇక ఈ జన్మకి లేదని బెంగ పట్టుకుంది.

"ఈసారి కప్పు పీకాల్సిందేనండీ," అనేవాడు డాక్టరు. "ఆదివారాలు ప్రాక్టీసు మానకూడదు. మత్తిచ్చాక మధ్యలో లేచిపోతానంటే కుదరదు."

కుదరనిదల్లా ఇంట్లోనే. ఆదివారం వస్తే చాలు, కిటికీ ఊచలు తుడవాలి, అటక దులపాలి, ఫ్రిజ్ కడగాలి. ఎవరు చెయ్యాలన్నదే పేచీ. అందుకని మేస్త్రి ఓ యాప్ కట్టి, పాత ట్యాబ్లెట్‌లో వేసి, ఫ్రిజ్ పక్క గోడకి తగిలించి, ఇంటిల్లిపాదినీ పిలిచాడు.

"ఇకనించి గొడవల్లేవు. ఎవరి పేరుతో వాళ్ళు లాగిన్ అవండి. తెర అడుగున నొక్కడానికి నాలుగు ట్యాబ్‌లుంటాయి. నా పని, ఇంటి పని, ఫిర్యాదు, సెలవు. ఎవరికే పని అన్నది యాపే పంచుతుంది. పక్షపాతం ఉండదు."

"ఎలా పంచుతుందండీ?" అంది భార్య. ఆవిడ కళ్ళజోళ్ళ షాపు నడుపుతుంది. దేన్నయినా కాస్త దగ్గరికీ కాస్త దూరానికీ జరిపి చూసిగానీ నమ్మదు.

"లోపల పెద్ద లెక్కలుంటాయి. నీకు అర్థం కాదులే."

"మీకు అర్థమవుతాయా?"

"నేనే కదా రాసింది!"

"అందుకే అడిగాను."

లోపల లెక్కా లేదు, గిక్కా లేదు. మేస్త్రి తన పాస్‌వర్డుతో లాగిన్ అయితే మాత్రం కింద ఐదో ట్యాబ్ ఒకటి మొలుస్తుంది. దాని పేరు 'అమరిక'. అందులో ఎవరి పేరుని ఏ పని మీదకి జరిపితే ఆ పని వాళ్ళ నెత్తిన పడుతుంది. ఎవరూ లేనప్పుడు వంటింట్లోకి వచ్చి, నాలుగు పేర్లు జరిపి, లాగౌట్ అయి, మంచినీళ్ళు తాగినట్టు గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయేవాడు.

మొదటి ఆదివారం యాప్ తీర్పు వెలువడింది. మామగారికి ఫ్రిజ్, కూతురికి అటక, భార్యకి ఇల్లంతా కిటికీలు. మేస్త్రికి మొక్కలకి నీళ్ళు పొయ్యడం. ఉన్న మొక్క ఒకటే.

"ఇది అన్యాయం," అంది కూతురు. పదో తరగతి పిల్లే అయినా మాటమాటకీ వాదన వేసుకుంటుందని ఇంట్లో లాయరమ్మ అంటారు.

"ఫిర్యాదు ట్యాబ్ ఉంది కదమ్మా, అందులో రాసుకో," అన్నాడు మేస్త్రి. రాసిన ఫిర్యాదు ఎటూ పోకుండా అక్కడే ఉండిపోయేలా కట్టినవాడు తనే.

మామగారు మాత్రం పేచీ పెట్టలేదు. రిటైరైన బస్సు కండక్టరు. "టికెట్టు కొట్టాక దిగిపోవడమేముంది? రైట్ రైట్!" అని ఫ్రిజ్ తలుపు తీశారు.

భార్య అటక మీంచి ఏదో దించి, దుమ్ము దులుపుకుంటూ వచ్చింది. చూస్తే పాత రాకెట్టు.

"ఏవండీ, నేనూ మీతో వచ్చి ఓ గంట ఆడొస్తానండీ. కాలేజీలో ఆడేదాన్ని. ఎన్నాళ్ళయిందో దీన్ని ముట్టుకుని."

ఆవిడొస్తే కిటికీలు ఎవరు తుడుస్తారు? తిరిగి తిరిగి తన మీదకే వస్తాయి. గబగబా ఫోను తీసి, ఏదో గెలికి, ట్యాబ్లెట్ చూపించాడు. తెర మీద ఎర్రపట్టీ ప్రత్యక్షమైంది. "పని పూర్తికాని వారు బయటికి వెళ్ళరాదు."

"నాదేముంది చెప్పు! యాప్ అలా అంటోంది," అని షూలు కట్టుకుని జారుకున్నాడు.

ఆవిడ రాకెట్టు సోఫా మీద పెట్టి, గుడ్డా బకెట్టూ తీసుకుని కిటికీల దగ్గరికి నడిచింది. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకుందంటే మేస్త్రి అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

ఫైనల్స్ వారం వచ్చింది. శుక్రవారం ఆఫీసులో మీటింగ్ మధ్యలో మేస్త్రి ఫోను టింగుమంది. "ఆదివారం: అటక దులపడం. మీకు." చెయ్యి చూసుకున్నాడు, ఫోను చూసుకున్నాడు. తను కూతురికి వేసిన పని తనకెలా వచ్చింది? బల్లకింద లాగిన్ అయి, ఐదో ట్యాబ్‌లోకి వెళ్ళి, అటక మళ్ళీ కూతురి పేరుకి జరిపాడు. హమ్మయ్య అనుకునేలోగా టింగు. అటక మీకు. దాంతోపాటు ఫ్రిజ్ కూడా.

"నా కోడులో తప్పా!" అనుకున్నాడు మేస్త్రి. ప్రపంచంలో ఎవరినైనా అనుమానిస్తాడు గానీ ఇంట్లోవాళ్ళకి అంత తెలివుందని మాత్రం అనుమానించడు. అదే అతని గొప్పతనం.

శనివారం పొద్దున్నించీ ఇంట్లో నిలువలేదు, కూర్చోలేదు. ఫ్రిజ్‌ని మామగారికి జరుపుతాడు, టింగుమని వెనక్కొస్తుంది. వస్తూ వస్తూ చెప్పుల స్టాండుని వెంటబెట్టుకొస్తుంది. ఒకటి వదిలించుకుంటే రెండు తగులుకుంటున్నాయి. హాల్లో అయితే ఎవరైనా చూస్తారని బాత్‌రూములో గొళ్ళెం పెట్టుకుని, బకెట్టు బోర్లించి కూర్చుని, లాగిన్ అవుతాడు, లాగౌట్ అవుతాడు, మళ్ళీ లాగిన్.

తలుపు దబదబా మోగింది. "కొంచెం ముందుకు జరగాలి అల్లుడుగారూ! వెనక జనం ఉన్నారు!" అన్నారు మామగారు.

"వస్తున్నా మామయ్యగారూ, చిన్న పనుంది!"

"లోపల ఇంకేం పనుంటుందయ్యా?"

మధ్యాహ్నానికి మొహం పీక్కుపోయింది. వంటింట్లోకి వచ్చి, అన్నం పెట్టుకుని భార్య పక్కన చేరి, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఏమోయ్, ఈ యాప్ ఏమైనా తేడాగా పనిచేస్తోందా?"

"లేదే! చక్కగా ఉంది. మీరు కట్టిందంటే మాటలా?"

"అన్ని పనులూ నాకే వస్తున్నాయేమో అనిపించి..."

"లోపల పెద్ద లెక్కలుంటాయన్నారు కదండీ. మనకి అర్థం కావులెండి," అని ఆవిడ అన్నం కలుపుకుంది. మేస్త్రికి తన అన్నం సగంలోనే చాలైపోయింది. యాప్ తప్పు చేస్తోందని గట్టిగా అరవాలని ఉంది. అరిస్తే, ఒప్పేమిటో చెప్పాలి. అది చెప్తే గుట్టు రట్టు. కక్కలేక, మింగలేక మంచం మీద అటూ ఇటూ దొర్లాడు.

ఆదివారం తెల్లారింది. మేస్త్రి స్నానం చేసి, తెల్ల బనీను, తెల్ల నిక్కరు వేసుకుని, వంటింట్లోకి తొంగి చూశాడు. ట్యాబ్లెట్ మీద అతని పేరు కింద ఖాళీ లేదు. అటక, ఫ్రిజ్, కిటికీలు, చెప్పుల స్టాండు, మామగారి పక్కబట్టలు, ఆఖరికి ఆ ఒక్క మొక్క. పైన ఎర్రపట్టీ వెలుగుతోంది.

అప్పుడే కాలింగ్ బెల్లు. గుమ్మంలో డాక్టరు, చంకలో రాకెట్టు.

"ఏవండీ, రెడీయేనా? అవతలివాళ్ళు అప్పుడే కోర్టులో దిగారు!"

"అయ్యో డాక్టరు గారూ, ఆయన రాలేరండీ," అంది భార్య కాఫీ ఇస్తూ. "పని మిగిలుంది. మాదేముంది చెప్పండి, యాప్ అలా అంటోంది."

ఇంక ఆగలేకపోయాడు మేస్త్రి. ఉడికిపోయి, ట్యాబ్లెట్‌ని గోడ మీంచి పీకి ఎత్తి పట్టుకుని అరిచాడు.

"యాపూ లేదు, గీపూ లేదు! ఎవరో లోపల దూరి నా పేరు జరుపుతున్నారు! ఆ ట్యాబ్ నాకు తప్ప ఇంకెవరికీ కనపడకూడదు!"

డాక్టరు కాఫీ మింగడం మానేశాడు.

"ఏ ట్యాబండీ?" అంది భార్య, చాలా నెమ్మదిగా.

మేస్త్రి నోరు తెరిచాడు. డాక్టరుకి అలవాటు ప్రకారం లోపలి పళ్ళన్నీ కనిపించాయి.

"నేను చెప్తా నాన్నా," అంది లాయరమ్మ. "తాతయ్యకి ఏ యాప్‌లోంచి ఎలా బయటికి రావాలో తెలీదు. బయటపడేదాకా వెనక్కి బాణం నొక్కుతూనే ఉంటాడు. ఓ రోజు నువ్వు లాగౌట్ అయి వెళ్ళిన వెంటనే వచ్చి రెండుసార్లు నొక్కాడు. బయటికి పోయేవాడు కాస్తా నీ స్క్రీన్లోకి పోయాడు. లాగౌట్ అయినప్పుడు వెనకున్న తెరలన్నీ చెరిపెయ్యాలి నాన్నా. నువ్వు తలుపేశావు గానీ గోడ కట్టలేదు."

"నేను కావాలని చెయ్యలేదు అల్లుడుగారూ," అన్నారు మామగారు. "నాలుగుండేవి ఐదెందుకయ్యాయా అని మా అమ్మాయిని, అదే మీ ఆవిణ్ణి, పిలిచాను. అంతే."

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "నువ్వు చూసి కూడా నన్ను అడగలేదే? అడక్కుండానే నా పేరు జరిపావా?"

"రోజంతా జనానికి అక్షరాలు చూపించి, కనిపిస్తున్నాయా, కనిపిస్తున్నాయా అని అడిగేదాన్ని. నాకు కనిపించిందని మీకు ఎందుకు చెప్పాలి? అడిగితే మీరింకో యాప్ కడతారు," అందావిడ.

డాక్టరు గడియారం చూసుకుని గిలగిల్లాడాడు. "అమ్మా, భార్యాభర్తల మధ్య వేలు పెట్టకూడదు. అసలు నోట్లో వేళ్ళు పెట్టడమే నా వృత్తి గానీ, ఇది వేరు. ఇప్పుడు నా జోడీ ఎవరు? ఆడకపోతే కప్పు వాళ్ళకిచ్చేస్తారు."

"జోడీ మారకూడదా?" అంది ఆవిడ.

"అదే ఫ్లాటువాళ్ళయితే మారొచ్చు. కమిటీ ఒప్పుకుంటుంది."

మేస్త్రికి అర్థమయ్యేలోపే ఆవిడ గదిలోకి వెళ్ళి, షూలు వేసుకుని, సోఫా వెనక నించి పాత రాకెట్టు తీసింది. దానికి కొత్త తీగలున్నాయి. ఎప్పుడు వేయించిందో ఏమో! "నా పనంతా యాప్ మీకే ఇచ్చిందిగా, నాకు అడ్డేముంది?" అని మెట్లు దిగింది. వెనకాలే డాక్టరు, ఆ వెనక చప్పట్లు కొడుతూ లాయరమ్మ.

మేస్త్రి ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చున్నాడు. తెల్ల బనీను మీద పులుసు మరక పడింది. కిందనించి అరుపులు వినిపిస్తున్నాయి. బాల్కనీలోంచి మామగారు ఎప్పటికప్పుడు కబురు అందిస్తున్నారు.

"అల్లుడుగారూ, అమ్మాయి కొట్టింది!"

"సరే."

"మళ్ళీ కొట్టింది!"

"సరేనండీ, అర్థమైంది!"

ఒళ్ళు మండిపోతోంది. ఆ కప్పు తనది. తను ఎత్తుకోవాల్సిన కప్పు. ఉండబట్టలేక గుడ్డ చేత్తో పట్టుకునే బాల్కనీలోకి పరిగెత్తాడు. కింద కోర్టులో ఆవిడ గాల్లోకి ఎగిరింది. ఆవిడ అలా ఎగరగలదని ఇన్నేళ్ళలో అతనికి తెలీదు. జుట్టు ఊడిపోయింది, మొహం ఎర్రబడింది, నోరారా నవ్వుతోంది. షటిల్ అవతల నేల తాకగానే మేస్త్రి తనకి తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. గుడ్డలోని నీళ్ళు మామగారి మొహాన చిందాయి.

కప్పు వచ్చింది. డాక్టరు గుమ్మంలో నిలబడి, "ఇన్నాళ్ళూ ఈవిణ్ణి ఎక్కడ దాచారండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వచ్చే పోటీలకి కూడా ఆవిడ పేరే రాయించుకుని వెళ్ళాడు.

మేస్త్రి వంటింట్లోకి వెళ్ళి ట్యాబ్లెట్‌లో లాగిన్ అవబోయాడు. పాస్‌వర్డు తప్పంది. ఇంకోసారి కొట్టాడు. ఈసారీ తప్పే.

"అమ్మ మార్చింది నాన్నా," అంది కూతురు హాల్లోంచి.

"ఏమోయ్, ఆ కొత్త పాస్‌వర్డు చెప్పు."

"ఎందుకూ?"

"తీసేస్తాను. ఇంట్లో మనుషులుండగా యాపెందుకు? ఏం కావాలన్నా నోటితో అడిగితే సరిపోదూ?"

ఆవిడ షూ లేసు విప్పుతున్నదల్లా ఆగి తలెత్తింది. "నేను నోటితోనే అడిగానండీ ఆవేళ. ఒక్క గంట."

మేస్త్రికి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. అటు వెళ్దామా, ఇటు వెళ్దామా అని కాళ్ళు కదిలాయి గానీ ఎటూ వెళ్ళలేకపోయాడు.

"వచ్చే ఆదివారం పొద్దున్న నువ్వెళ్ళి ఆడుకో. ఇల్లు నేను చూసుకుంటా," అన్నాడు చివరికి.

"యాప్ అందా?"

"కాదు. నేనే అంటున్నా."

"అయితే మంచిదే. ఆదివారం రానివ్వండి, మాట మీద నిలబడితే పాస్‌వర్డు చెప్తాను."

మేస్త్రి నిచ్చెన తెచ్చి అటక కింద వేశాడు. రెండు మెట్లెక్కేసరికి నిచ్చెన ఊగడం మానేసింది. కిందకి చూస్తే ఆవిడ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ఆ వెనక మూల కూడా దులపండి," అంది. "మీకు వెనక వదిలెయ్యడం అలవాటు."