వినిపించిన చుక్కలు

పొద్దున్నే కంటి పరీక్ష ముగించుకుని మధ్యాహ్నానికల్లా స్టీరింగు ముందు కూర్చోవాలన్నది బస్సు డ్రైవరు పథకం. పరీక్ష తప్పితే మాత్రం డిపో గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడతారు. ఇన్నేళ్లూ బస్సు తోలిన చేతులతో ఎవడి బస్సుకో గేటు తీయడమంటే అతనికి చచ్చేంత నామోషీ.

ఈ మధ్యే ఆ పరీక్ష గట్టెక్కిన బావమరిది ధైర్యం చెప్పాడు. "పసుపు తెర మీద నీలం చుక్కలు మెరుస్తాయి బావా. కనబడగానే మీట నొక్కాలి. అసలు నువ్వు చూడక్కర్లేదు. చుక్క పడేముందు మిషను 'టక్' మంటుంది. అనగానే నొక్కెయ్!"

డ్రైవరు మిషన్లో తల పెట్టి, చూపు సంగతి దేవుడికి వదిలేసి, చెవులు రిక్కించాడు. టక్‌మన్న ప్రతిసారీ నొక్కాడు. చుక్క వేయకుండా ఉత్తుత్తి టక్కులు కూడా కొట్టడం ఆ మిషను పద్ధతని బావమరిదికేం తెలుసు? పక్కన టెక్నీషియన్ పెన్నుతో బల్ల మీద దరువేస్తుంటే దానికీ నొక్కాడు.

ఫలితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "లేని చుక్కలు ఎప్పట్నుంచి కనిపిస్తున్నాయి?"

"అబ్బే, నాకలాంటివేం లేవండీ!"

"ఎందుకు లేవూ?" అంది తోడొచ్చిన భార్య. చెప్పుకోవడానికి ఆవిడకు ఇన్నాళ్లకో మనిషి దొరికింది. "నిన్న నేను తోమిన తెల్ల పళ్లెంలో మరకుందన్నారు. మొన్న ఉతికిన దుప్పటి మీద ఉందన్నారు. అన్నీ ఈయన కళ్లకే కనిపిస్తాయి!"

డాక్టరమ్మ గంభీరంగా తలూపింది. "ఇది కంటితో పోయేది కాదు. మెదడు స్కాను తీయించాలి. అప్పటిదాకా బస్సు ముట్టుకోవద్దు."

డ్రైవరు లొంగిపోయాడు. ఇక దాచి లాభం లేదు. "నాకు చుక్కలు కనిపించలేదండీ... వినిపించాయి!"

"వినిపించాయా?" డాక్టరమ్మ కంగారుగా ఫోను అందుకుని మానసిక వైద్యుడి నంబరు వెతకసాగింది.

భార్య ఎదుటే ఆమె తమ్ముణ్ణి ఇరికించి అంతా కక్కేశాడు డ్రైవరు. డాక్టరమ్మ అతని చెవుల్లో దూది కుక్కించి మళ్లీ కూర్చోబెట్టింది. వినడానికేమీ లేక, గత్యంతరం లేక, డ్రైవరు చూశాడు. ఆశ్చర్యం! తెర అంచుల్లో మినుకుమన్న చుక్క కూడా తప్పించుకోలేదు. లేనివాటికి వేలు కదలనేలేదు.

"బస్సేం ఖర్మ, విమానమే తోలొచ్చు," అంది డాక్టరమ్మ. "ఈయన ఉన్న చుక్కను వదలరు, లేని చుక్కను చూడరు."

డ్రైవరు ఆనందం ఆసుపత్రి మెట్ల దాకే సాగింది.

"అంటే," అంది భార్య మెట్టు మీద ఆగి, "నా పళ్లెంలో మరక నిజమేనన్నమాట?"

"అబ్బే! అదొక్కటీ లేని చుక్కేనే."

రోడ్డు మీద అతని చూపుకు తిరుగులేదు. ఇంట్లో మాత్రం ఆనాటి నుంచి అతనికి ఒక్క మరకా కనిపించలేదు.