కుర్చీకి మగవాడే ఎందుకు అతుక్కుంటాడు?

ఆడవాళ్లకు కుర్చీ పడదు! నవ్వకండి, ఇది శాస్త్రం. ఖాళీ కుర్చీ కనబడితే మగవాడి నడుము దానంతటదే వంగుతుంది. ఆడమనిషి కాళ్లు వాటంతటవే గుమ్మం పక్కకు జరుగుతాయి. దీన్నే పురుష గురుత్వాకర్షణ అంటారు.

అనుమానమా? ఇబ్రహీంపట్నం దగ్గరి ఓ ఊరికి రండి. సాగర్ రోడ్డు పొడవునా వెంచర్లు మొలిచి, జొన్న చేన్లు గజాల్లెక్కన అమ్ముడుపోతున్న రోజులవి. సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వ్ అయింది. మాణిక్యమ్మ గెలిచింది. దండ మాత్రం ఆమె మొగుడు పరశురాం మెడలో పడింది! ఆనాటి నుంచి ఆయనే 'సర్పంచ్ సాబ్'. ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తు, ఆమె ఓ మూలన తపాలా బిళ్లంత.

ఇందులో అన్యాయమేముంది? స్త్రీ శరీరంలో పరిపాలన గ్రంథి ఉండదు! అందుకే ప్రకృతి ఆమెకు సంతకం పెట్టే వేళ్లిచ్చి, ఎక్కడ పెట్టాలో చూపించే వేలు మగవాడికిచ్చింది. ఎంత పొదుపైన ఏర్పాటు!

మాణిక్యమ్మకే ఈ శాస్త్రం ఒంటబట్టలేదు. పంచాయతీ ఆఫీసులో ఓ పక్కన నిలబడ్డప్పుడల్లా ఆమె చూపు ఆ కుర్చీ మీదే ఉండేది. నల్లా నీళ్లు తెప్పిస్తానని ఇంటింటికీ తిరిగి మాటిచ్చింది తనే కదా! ఊళ్లో నల్లాలు దగ్గుతున్నాయే తప్ప కారడం లేదు.

ఒకనాడు వెంచర్ యజమాని జనార్దనరావు స్వీట్ బాక్సుతో దిగాడు. ఊరి బోరు నీళ్లు తన స్విమ్మింగ్ పూల్‌కు కావాలట. కుర్చీలోంచే పరశురాం సరేనన్నాడు. రావు తెచ్చిన ఒప్పందం కాగితం మీద వేలు పెట్టి పెళ్లానికి చూపించాడు.

"గిక్కడ సంతకం పెట్టు."

"మనకు తాగనీకి నీళ్లు లెవ్వు, వాళ్లకు ఈదనీకి ఇస్తవా?"

"గవన్ని నీకెందుకు? జర జల్ది పెట్టు."

మాణిక్యమ్మ పెన్ను మొగుడి చేతిలో పెట్టింది. "అందరు నిన్నే గద సర్పంచ్ అంటరు. నువ్వే పెట్టు."

పరశురాం పెన్ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. జనార్దనరావు నసిగాడు. "అమ్మగారి సంతకమే చెల్లుతుందండి..."

"గట్లనా? అయితే లే. సర్పంచ్ కూసుంటది."

పరశురాం లేచాడు! ఆమె కూర్చుంది. కుర్చీ విరగలేదు, శాస్త్రమే కాస్త కిర్రుమంది.

"నీళ్లియ్యం," అంటూ ఆమె స్వీట్ బాక్సు వెనక్కి తోసింది. "తీస్కపోండ్రి."

జనార్దనరావు వెళ్లాక పరశురాం పక్కన నిలబడే అడిగాడు. "మరి ఊరి నీళ్లకు ఏం జేద్దామంటవ్?"

ఓట్లేసిన ఊరు ఈ మాట ఆమెను గెలిచిన రోజే అడిగుంటే, పాపం శాస్త్రానికి ఇంత శ్రమ ఉండేది కాదు.