నాన్నగారి పొగగొట్టం

ఆదివారం ఉదయం ఫలహారం ముగిసేసరికే హిల్డాకు ఆ రోజు కార్యక్రమం స్పష్టమయింది. సాయంత్రం ఆడపడుచు అగస్టా టీకి వస్తుంది. అప్పటికి ముందుగదిలో నిజమైన బొగ్గుల మంట మండుతూ ఉండాలి. హాలిఫాక్స్‌లోని ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన అగస్టా, తండ్రి బొగ్గుల మంట వేసి చలికాచుకున్న గోడగూటిలో తమ్ముడు, అంటే హిల్డా భర్త క్లిఫర్డ్, గ్యాసు మంట పెట్టించిన నాటి నుంచి ఆ గడప తొక్కలేదు. ప్రతి క్రిస్మస్‌కూ క్లిఫర్డ్ అక్కకోసం ఒక పళ్ళెం పెట్టి, భోజనాలయ్యాక తానే తీసేవాడు. ఆ పళ్ళెం మీద హిల్డాకు కోపం లేదు. అగస్టా మీద ఉంది.

గ్యాసు పరికరం ఊడదీయించడం, పొగగొట్టం దులిపించడం అప్పటికే అయ్యాయి.

"ఎవరినైనా పిలిచి గొట్టం ఒకసారి పరీక్ష చేయిద్దామండీ," అంది హిల్డా.

"మా నాన్న వాడిన గొట్టమే! దానికి పరీక్షలేమిటి?"

మగవారిలో పితృభక్తి సాధారణంగా ఖర్చులేని రూపంలోనే వ్యక్తమవుతుందని హిల్డా చాలాకాలంగా గమనిస్తూనే ఉంది.

మంట దివ్యంగా అంటుకుంది. గదిలోకి పొగ రాలేదు. కాసేపటికి, గోడ కలిసిన పక్కింటి హెప్‌వర్త్ గారు తలుపు తట్టారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వాతావరణం బావుందమ్మా. మీ పొగ చక్కగా పోతోందా అని, ఊరికే..."

"చక్కగా పోతోందండీ! గదిలో పిసరంతైనా లేదు."

"అదేలే. ఎక్కడికో అక్కడికి పోవాలిగా," అని ఆయన దగ్గుతూ వెళ్ళిపోయారు.

ఇది అభినందన అని తేల్చుకుని క్లిఫర్డ్ మరో పార బొగ్గు వేశాడు. ఆ తరువాత హిల్డా కిటికీలోంచి చూస్తే, హెప్‌వర్త్ గారి భార్య ఐవీ నవంబరు చలిలో, కోటూ టోపీతో పెరట్లో కూర్చుని టీ తాగుతోంది.

"చలెయ్యట్లేదా ఐవీ?"

"చల్లగాలి ఒంటికి మంచిదిట!"

హిల్డా మనసు కరిగింది. "పాపం, వాళ్ళింట్లో హీటరు చెడినట్టుందండీ. చెప్పుకోవడానికి మొహమాటం. గోడైనా వెచ్చబడుతుంది, ఇంకాస్త వెయ్యండి."

క్లిఫర్డ్ వేశాడు.

అగస్టా టాక్సీ, అగ్నిమాపక శకటం ఒకేసారి వచ్చాయి. హెప్‌వర్తుల పడకగది కిటికీలోంచి పొగ రావడం చూసి దారినపోయేవారెవరో ఫోను చేశారు. రెండిళ్ళ గొట్టాల మధ్య ఉండవలసిన ఇటుకలు ఎప్పుడో రాలిపోయాయి. సిబ్బంది మంట ఆర్పి, ఇక వెలిగించవద్దని శాసించారు.

"ఇంత పొగలో కూర్చుని పక్కవాళ్ళకి ఒక్కమాట చెప్పలేదేమండీ?" అన్నాడు వారి అధికారి.

హెప్‌వర్త్ గారు నొచ్చుకున్నారు. "చెప్పానండీ! పొగ చక్కగా పోతోందా అని స్వయంగా వెళ్ళి అడిగాను."

తడిసి నల్లబడిన గూటి ముందు అగస్టా నిలబడింది. క్లిఫర్డ్ ఆమె పక్కకు చేరాడు.

"నీకోసమేనే అక్కా. నాన్న మంట మళ్ళీ..."

"నాకోసమా? ఆ గూట్లో బూడిద రోజూ ఎత్తింది నేనురా, నువ్వు కాదు. నువ్వు గ్యాసు పెట్టించావని తెలిసి ప్రాణం లేచొచ్చింది."

"మరి ఇన్నేళ్ళూ రాలేదేం?"

"పెట్టించేముందు నన్నొక్కమాట అడిగావా?"

హిల్డా టీ పోసింది. మర్నాడే క్లిఫర్డ్, కొత్త గ్యాసు పరికరం ఏ తరహాది కావాలో చెప్పమని అక్కను అడిగాడు. ఆమె ఇంకా తేల్చలేదు. ఆలోచించడానికి ప్రతి ఆదివారమూ వచ్చి, ఆ చలిగదిలో కోటు విప్పకుండా టీ తాగి వెళుతోంది.