బూటు అడుగున నెంబరు

ఆ పొద్దుటి పథకం సులువైనదే. ఎనిమిదిన్నరకు టిఫిన్, తొమ్మిదికి ఇంటర్వ్యూ, పదకొండింటి బస్సుకు తిరుగు ప్రయాణం. తేయాకు కొండ మీద దొరల కాలంలో కట్టిన ఆ హోటల్లో, ఇంటర్వ్యూకొచ్చిన మొగుడికీ వెంట వచ్చిన పెళ్ళానికీ తోట యజమానే గది ఇప్పించాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. అది తప్పిపోతే బావమరిది సిమెంటు కొట్లో కూర్చోవాలి. ఆ బావమరిది అప్పుడే కుర్చీ తుడిపించి ఉంచాడు కూడా. కాబట్టి మనం ముందే ఈయన్ని సూపర్‌వైజర్ అని పిలుద్దాం, పోయేదేముంది.

దొరల నాటి అలవాటొకటి ఆ హోటల్లో మిగిలిపోయింది. గుమ్మం బయట విడిచిన బూట్లను పట్టుకెళ్ళి, పాలిష్ చేసి, తెల్లారేసరికి తెచ్చిపెడతారు. ఈ సంగతి ఆ మొగుడూ పెళ్ళాలకు తెలియదు. ఇంట్లోలాగే బయట విడిచి పడుకున్నారు.

పొద్దున చూస్తే వాళ్ళ ఎనిమిదో నెంబరు గుమ్మం ముందు బూట్లు లేవు. కాస్త అవతల, ఏడో గది వైపు, నిగనిగలాడే నల్లబూట్ల జత ఒకటుంది.

"మనవే. ఎవరో తుడిచిపెట్టారు," అంది భార్య.

"మనవి ఇంత నల్లగా ఎప్పుడున్నాయే?"

"కొన్నరోజున. తొడుక్కోండి, టైమవుతోంది."

బిగుతుగా ఉన్నాయి. నిన్న వానకు తడిసి బిగుసుకున్నాయందావిడ. పెళ్ళయి పదేళ్ళయింది, నమ్మేశాడు.

ముందు హాల్లో ఇంటర్వ్యూ. యజమాని ఆలస్యంగా వచ్చాడు, సూటు కింద బాత్రూం చెప్పులతో.

"నాది ఏడో నెంబరు గది. పాలిష్‌కు పెట్టిన నా నల్లబూట్లు ఎవడో ఎత్తుకుపోయాడు. దొరకనీండి, ఈ కొండ మీద వాడికి పని పుట్టనివ్వను."

 సూపర్‌వైజర్ కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"కంగారుపడకండయ్యా," అన్నాడు తలపండిన బట్లర్. "పాలిష్‌కు తీసుకున్న ప్రతి బూటు అడుగునా సుద్దముక్కతో గది నెంబరు రాస్తాం. అందర్నీ కాళ్ళెత్తమంటే తేలిపోతుంది."

బట్లర్ టిఫిన్ బల్లల దగ్గర మొదలుపెట్టాడు. యజమాని ఇటు తిరిగి అడిగాడు. "కోసిన తేయాకు ఎంతసేపు వాడబెడతారు?"

"పదహారు గంటలండి," అంటూ సూపర్‌వైజర్ బూట్ల అడుగులు తివాచీకేసి రుద్దాడు.

"ఏంటా రుద్దుడు?"

"చలండి."

అనకుండా ఉండాల్సింది. యజమాని మంచి మనిషి, వెంటనే కాళ్ళపీట తెప్పించాడు. "చాపుకోండి. మొహమాటం వద్దు."

"తగ్గిపోయిందండి," అన్నాడు సూపర్‌వైజర్, చెమటలు కక్కుతూ.

టిఫిన్ బల్లలు అయిపోయాయి. మెట్ల మీద నిలబడ్డ భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. బట్లర్ వచ్చి కాళ్ళ ముందు వంగేసరికి ఇక ఆగలేక సూపర్‌వైజర్ లేచి నిలబడ్డాడు.

"నేనేనండి. నావనుకుని మీవి తొడుక్కున్నాను. క్షమించండి."

 బట్లర్ తాపీగా ఆయన కాలు పైకెత్తి చూశాడు.

"సగం చెరిగింది గానీ, ఎనిమిదే. ఈయన గదే. ఈయన బూట్లే."

"మరి నావి?"

బట్లర్ వెళ్ళి ఏడో గది మంచం కింద నుంచి బురద బూట్లు పట్టుకొచ్చాడు. "మీరు బయట పెట్టనే లేదయ్యా."

"చెప్పానా, మనవేనని," అంది భార్య మెట్లు దిగుతూ. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకమండీ ఈయన."

యజమాని తన బాత్రూం చెప్పుల వంక చాలాసేపు చూసుకున్నాడు.

"మా ఫ్యాక్టరీలో చేసిన తప్పే ఎవడూ ఒప్పుకోడు. మీరు చెయ్యంది కూడా ఒప్పుకున్నారు. సోమవారం వచ్చి చేరండి."

సూపర్‌వైజర్ చేరాడు గానీ, ఆ బూట్లకు మళ్ళీ పాలిష్ పెట్టించలేదు, గుర్తుపట్టడం కష్టమని.