చిట్టి ఏడుపు

ఆ రోజు గిరీశ్ పెట్టుకున్న పని ఒక్కటే. చిరాగ్‌పల్లిలో కొత్తగా తెరిచిన ట్రాక్టర్ల షోరూంలో సేల్స్‌మన్ కొలువుకు ఇంటర్వ్యూకి వెళ్లాలి. చిన్నప్పుడు టీవీలో నటించిన సంగతి మాత్రం చెప్పకూడదు. చెప్పిన ప్రతిచోటా "ఏదీ, ఒక్కసారి ఏడ్వు" అన్నారు. ఏడ్చాక చాయ్ తాగించి పంపారు తప్ప కొలువు ఇవ్వలేదు.

ఎనిమిదేళ్ల వయసులో అతను ఒక సీరియల్‌లో చిట్టి అనే పిల్లవాడి వేషం వేశాడు. చిట్టి జాతరలో తప్పిపోయి "అమ్మా" అని ఏడుస్తుంటే ఇంటింటా కొంగులు తడిశాయి. పిల్లవాడు తల్లికి దొరక్కముందే సీరియల్ ఆగిపోయింది.

జహీరాబాద్ బస్టాండులో నిలబడి ఉండగా, న్యాల్‌కల్ నుంచి అంగడికి వచ్చిన అనంతమ్మ అనే ముసలామె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చిట్టీ, ఇన్నేండ్లు ఏడికి పోయినవ్ బిడ్డా? నీ తల్లి ఏడ్చి ఏడ్చి సగమైంది."

"గామె నా తల్లి కాదవ్వా," అన్నాడు గిరీశ్.

అల్లం బస్తా మీద కూర్చున్న రైతు తల తిప్పాడు. "కన్నతల్లిని కాదంటుండు, సూడున్రి."

"అరే, గామె ఉత్తగనే ఏడ్చింది. ఏడ్చినందుకు పైసలు గూడ ఇచ్చిన్రు."

ఈ వివరణ తర్వాత జనం బాగా పెరిగారు. భూమి రాయించుకుని తల్లిని వెళ్లగొట్టాడని ఒకరన్నారు. ఆ మాట సోడా బండి దాకా చేరేసరికి తల్లిని బీదర్ స్టేషన్‌లో వదిలేసి వచ్చాడు. బస్టాండు కంట్రోలర్ చెన్నబసప్ప గిరీశ్‌ని ఆఫీసులోకి లాక్కెళ్లి మైకు అందుకున్నాడు. "తల్లిని విడిచిపెట్టిన కొడుకు దొరికిండు. సంబంధించినోళ్లు ఆఫీసుకు రావాలె."

సంబంధం లేనివాళ్లు కూడా వచ్చారు. చిరాగ్‌పల్లి బస్సు డ్రైవరు దిగి వచ్చాడు, అతని వెనకే ప్రయాణికులు.

"సార్, నేను టీవీల చిట్టిని," అని ఒప్పుకున్నాడు గిరీశ్.

"గట్లయితే ఏడ్చి సూపెట్టు," అన్నాడు చెన్నబసప్ప.

వేరే దారి లేదు. గిరీశ్ గొంతు సవరించుకుని "అమ్మా" అని ఏడ్చాడు. మైకు ఆపడం ఎవరికీ గుర్తులేదు. ఆ ఏడుపు బస్టాండంతా మోగింది. పల్లీలమ్మే ఆమె కళ్లొత్తుకుంది. చెన్నబసప్ప కళ్లద్దాలు తుడుచుకుని "వీడే చిట్టి, ఫికర్ లేదు, ఇడిసిపెట్టున్రి" అన్నాడు.

అనంతమ్మ మాత్రం అతన్ని కిందికీ పైకీ చూసి చెయ్యి వదిలేసింది.

"వీడు గాదు. మా చిట్టి ఏడిస్తె కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టు అయితుండె. వీడేందో పన్ను నొచ్చినట్టు ఏడుస్తుండు."

చెప్పి, వెళ్లి న్యాల్‌కల్ బస్సెక్కింది. జనం చెదిరిపోయారు. చిరాగ్‌పల్లి బస్సు హారన్ కొడుతోంది. గిరీశ్ రెండడుగులు అటు వేసి ఆగిపోయాడు. అతనికి కొలువు రాదని చాలామంది చెప్పారు. ఏడవడం రాదని మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు.

వెనక్కి తిరిగి న్యాల్‌కల్ బస్సెక్కి, అనంతమ్మ పక్క సీట్లో కూర్చున్నాడు.

"అవ్వా, జర ఇటు సూడు. ఇందాక గొంతు పట్టుకుంది," అని మళ్లీ మొదలుపెట్టాడు.

అనంతమ్మ కిటికీ వైపు తిరిగింది. ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ ఏడ్చే మగవాళ్లకు ఆ సౌకర్యం లేదని చెప్పి, కండక్టర్ అతనికి న్యాల్‌కల్ దాకా టికెట్ కొట్టాడు.