మొంబ్రెజ్ మట్టి రుచి

ఫ్రాన్సు దేశంలో మనిషి ఏ ఊరివాడో తెలియకపోయినా ప్రభుత్వానికి పెద్ద బెంగ లేదు గానీ, వైన్ ఏ ఊరిదో తెలియకపోతే మాత్రం దానికి నిద్ర పట్టదు. అందుకే ఇక్కడ ప్రతి ఊరి వైన్‌కీ ఒక స్వభావం ఉంటుంది, ఆ స్వభావానికి ఒక నిర్వచనం ఉంటుంది, ఆ నిర్వచనాన్ని కాపాడ్డానికి ఒక సంఘం ఉంటుంది. మా మొంబ్రెజ్‌లో దాని పేరు స్థానిక స్వభావ పరిరక్షణ సమితి. నేను అందులో సభ్యుణ్ణి. (జీతం లేదు. మధ్యాహ్నం కుందేలు కూరతో భోజనం పెడతారు.)

మా వైన్ నిర్వచనం ఇది: "తొలి గుక్కలో పులుపు, నడుమ తడి రాయి, చివర కాస్త తుప్పు." ఇదంతా మా సున్నపురాతి నేల చలవేనని కరపత్రాల్లో అచ్చు వేయించాం. గిట్టనివాళ్ళు మాత్రం అది సహకార సంఘం వారి సిమెంటు తొట్ల రుచి అంటారు. మా తాతల కాలం నుంచీ ఊరందరి ద్రాక్షరసమూ వాటిలోనే పులుస్తోంది, వాటి గోడలు పెచ్చులూడి ఇనపచువ్వలు బయటపడ్డ మాటా నిజమే. కాబట్టి ఆ ఆరోపణను సమితి ఏకగ్రీవంగా ఖండించింది.

ఊళ్ళో ఆ తొట్ల మొహం చూడనిది సొలాంజ్ తిబోదో ఒక్కతే. తండ్రి పోయాక చర్చి వెనక వాలులో ఉన్న తోట ఆవిడకు వచ్చింది. ఊరి మొత్తం మీద అన్నిటికంటే పాత తీగలు అక్కడివే. ఆవిడ తన ఇంటి నేలమాళిగలో, సొంత పీపాల్లో వైన్ చేస్తుంది. సీసా మీద ఊరి పేరు వేసుకోవాలంటే సమితి ఒప్పుకోవాలి, రెండేళ్ళుగా ఒప్పుకోలేదు. మూడోసారీ తప్పితే ఆ వాలు మొంబ్రెజ్ నేల కాదని శాశ్వతంగా కొట్టేస్తారు. (వాలు అక్కడే ఉంటుంది. మొంబ్రెజే అక్కడ ఉండదు.)

మా రుచి పరీక్షలో పక్షపాతానికి తావు లేదు. ఎవరి సీసా ఏదో తెలియకుండా సీసాలన్నిటికీ మెడదాకా ఉన్ని మేజోళ్ళు తొడుగుతాం. అయినా ఆవిడది ఇట్టే తెలిసిపోతుంది. తాగాక మేం మొహం చిట్లించనిది అదొక్కటే.

ఈ ఏడాది అది నోట్లో పడగానే నాకు చిన్నప్పుడు మా అమ్మ నా ఒళ్ళో పోసిన చెర్రీ పళ్ళు గుర్తొచ్చాయి. అది సమితిలో చెప్పదగ్గ సంగతి కాదు గనక నిబంధన ప్రకారం ఉమ్మేశాను. మా అధ్యక్షుడు గాస్తోన్ పెలురార్ గారు ఉమ్మడం మరిచిపోయి మింగేశారు.

"లోపం ఏమైనా కనిపించిందా?" అన్నారు ఆయన మూతి తుడుచుకుంటూ.

"ఒక్కటీ లేదు. అదేగా తంటా," అన్నాడు నా పక్కన కూర్చున్న మర్సెలెన్. "తుప్పేదీ? తడి రాయేదీ? ఇది మొంబ్రెజ్ అని ఒప్పుకుంటే మరి మనం చేసే వైన్ ఏమిటంట?"

వద్దని అందరం చేతులెత్తాం. నేనూ ఎత్తాను. వచ్చే వారం నా సీసా కూడా మేజోడు తొడుక్కుని ఆ బల్ల మీదికే రావాలి కదా.

కొట్టేసే ముందు యజమానిని పిలిచి మాట్లాడాలని నియమం. సొలాంజ్ వచ్చి నిలబడింది.

"కరపత్రం మీద వేసిన ఫొటో నా తోటదే కదా పెలురార్ గారూ? ఫొటోకి పనికొచ్చిన నేల వైన్‌కి పనికిరాదా?"

"ఫొటోకి రుచి ఉండదమ్మా."

"మా నాన్న ఆ వాలులోనే నడుం విరగ్గొట్టుకున్నాడు. సీసా మీద ఊరి పేరు తీసేస్తే నేనిక ఎవరి కూతుర్నని చెప్పుకోను?"

"మీ నాన్న నా నేస్తం కాబట్టే చెబుతున్నాను, విను. సహకార సంఘంలో ఒక తొట్టి ఖాళీగా ఉంది. నీ వైన్ ఒక్క నెల అందులో పోయి. మట్టి రుచి దానంతటదే వస్తుంది."

"సిమెంటు తొట్టిలో మట్టెక్కడిదండీ?"

"వాదనలొద్దు సొలాంజ్. పోస్తావా, కొట్టెయ్యమంటావా?"

ఆవిడ మా అందరి మొహాలూ వరసగా చూసింది. నేను పళ్ళెంలో కుందేలు ఎముకల కేసి చూశాను. నాకు బాధేసింది, నిజంగానే వేసింది. కానీ సమితి సభ్యుడికి బాధ ఉండవచ్చునని నిబంధనల్లో ఎక్కడా లేదు.

పోసింది. నెల తిరిగాక మళ్ళీ మేజోడు, మళ్ళీ గుక్క. అందరం ఒకేసారి మొహం చిట్లించాం. "ఎట్టకేలకు తన నేలను గుర్తించిన వైన్" అని పెలురార్ గారు స్వయంగా రాసి సంతకం పెట్టారు. మేం చప్పట్లు కొట్టాం. ఆవిడ కాయితం మడిచి సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది.

పెలురార్ గారు టోపీ చేత్తో పట్టుకుని గుమ్మందాకా వెంటపడ్డారు. గొంతు తగ్గించారు.

"సొలాంజ్, శనివారం మా చిన్నమ్మాయి పెళ్ళి. ఆ పాతది... అదే, తొట్టిలో పోయనిది... మాకోసం ఓ పీపా పక్కన పెట్టే ఉంటావు కదూ?"

"లేదండీ. మీరు చెప్పినట్టే అంతా పోసేశాను."

"కొంచెం కూడా ఉంచుకోలేదా?"

"ఒక్క చుక్క కూడా."

పెళ్ళి ఘనంగా జరిగింది. వధూవరుల క్షేమం కోరుతూ ఊరంతా అసలు సిసలు మొంబ్రెజ్‌తో గ్లాసులెత్తింది. పొరుగూరి నుంచి వచ్చిన వియ్యంకుడు మర్యాదస్తుడు, మొదటి గ్లాసు పూర్తిగా తాగి రెండో గ్లాసుకి మంచినీళ్ళు అడిగాడు. ఆయన అడిగాక ధైర్యం వచ్చి మేమూ అడిగాం.