ముందుకు రాని గ్రాఫులు

ఆ రోజు గ్రాఫుల మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పన్నెండు లోపల బదిలీ దరఖాస్తు టైపు చేసి ఆఫీసరు చేత పైకి పంపించాలి, అంతే. మందుల గోదాములో కోల్డు రూముల ఉష్ణోగ్రతను గ్రాఫుల్లో చూసే ఉద్యోగం ఆయనది, అందుకే ఆ పేరు. భార్య ఇంకో ఊళ్ళో టీచరు. నాలుగేళ్ళుగా కాపురం ఫోనులోనే సాగుతోంది. ఈ గడువు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.

చిక్కల్లా ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరుతో. అందులో నాలుగు రూములకు నాలుగు గ్రాఫులు. అరనిమిషానికోసారి ఏదో ఒక గ్రాఫు కొత్త చుక్క పెట్టుకుని, మనం చేసుకుంటున్న పనిని వెనక్కి నెట్టి, తెర మీదికి ఎగబాకుతుంది. కీబోర్డు కూడా లాగేసుకుంటుంది. ఆ ప్రోగ్రాము రాసింది మాస్టారే. "గ్రాఫు మారినప్పుడల్లా నా కళ్ళముందుకి రావాలయ్యా" అని ఆఫీసరు హుకుం జారీ చేస్తే, అక్షరాలా అలాగే రాసిపెట్టారు. కాసేపు ఆపుదామంటే సంజాయిషీ రాసివ్వాలి.

పదిన్నరకు మొదలుపెట్టారు. మాస్టారిది రెండువేళ్ళ టైపింగు. చూపు కీల మీదే తప్ప తెర మీద ఉండదు. "నేనూ నా భార్యా 4 సంవత్సరాలుగా" అని కొట్టి, ఎంటరు నొక్కి తలెత్తారు. దరఖాస్తు "నేనూ నా భార్యా" దగ్గరే ఆగిపోయి ఉంది. మిగతాది మూడో రూము గ్రాఫు మింగేసింది. అందులో హెచ్చరిక హద్దు వేసే గడి ఒకటుంది, అంకెలు తప్ప ఇంకేదీ తీసుకోదు. ఎనిమిది డిగ్రీలుండాల్సిన హద్దు నాలుగైంది. రూములో ఉన్నది అయిదు. సైరను మోగింది.

గోదాము చూసుకునే స్టోరు అక్క పరుగున వచ్చింది.

"ఏమైంది తమ్ముడూ, మూడో రూము పోయిందా?"

"రూము బానే ఉందక్కా. నా దరఖాస్తు అందులోకి పోయింది."

ఆవిడకు ముక్క అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని మూడో రూము తలుపు బార్లా తీయించి, పెట్టెలన్నీ రెండో రూములోకి మోయించసాగింది. రెండు తలుపులూ తెరిచి ఉండేసరికి రెండు రూములూ నిజంగానే వేడెక్కాయి. రెండో సైరను అందుకుంది. మాస్టారు హద్దు సరిచేయబోతే ఒకటో రూము గ్రాఫు అడ్డం వచ్చి ఆ ఎనిమిదిని తానే పుచ్చుకుంది. అక్కడ ముందే ఎనిమిది ఉంది కాబట్టి బతికిపోయారు.

పదకొండున్నరకు భార్య ఫోను.

"పంపారా?"

"రాస్తున్నాను."

"ఎంతవరకూ వచ్చింది?"

"నువ్వూ నేనూ వరకూ."

ఆవిడ ఫోను పెట్టేసింది. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది.

దాంతో తిక్కరేగింది. సంజాయిషీ సంగతి తర్వాత చూసుకుందామని గ్రాఫులన్నీ ఆపేసి, ప్రోగ్రాము తెరిచారు. విండోను ప్రతిసారీ ముందుకు పిలిచే లైను పీకేసి, ఉన్నచోటే కొత్త చుక్క గీసుకుని ఊరుకోమన్నారు. రెండు నిమిషాల పని. మూడేళ్ళుగా ఎవరూ అడగలేదని చేయలేదు. హద్దు సరిచేశారు, తలుపులు మూయించారు, సైరన్లు ఆగాయి. గ్రాఫులు దరఖాస్తు వెనకాల బుద్ధిగా మారుతూ కూర్చున్నాయి. పావుతక్కువ పన్నెండుకల్లా దరఖాస్తు పూర్తయింది.

అప్పుడొచ్చారు ఆఫీసరు.

"నా గ్రాఫులు ముందుకి రావట్లేదేం?"

"వెనకాలే మారుతున్నాయండి. ఇక పనికి అడ్డం రావు."

ఆఫీసరు నమ్మకుండా కుర్చీ లాక్కుని, రెండు నిమిషాలు ఏదో టైపు చేసి చూశారు. మొహం విప్పారింది.

"ఇంత పనిమంతుడివని నాకు తెలీదయ్యా."

"మీ దయండి. అలాగే ఆ దరఖాస్తు మీద రెండు ముక్కలు రాసి పంపిస్తే..."

"ఇప్పుడే రాస్తాను."

మాస్టారు వెనక నిలబడి చదివారు. "ఇతను లేనిదే ఈ గోదాము ఒక్కరోజు నడవదు. బదిలీకి వదలడం కుదరదు." జేబులో ఫోను మోగుతోంది. ఏదో ఒక గ్రాఫు ఎగిరొచ్చి ఆ వాక్యాన్ని మింగేస్తుందేమోనని ఆయన తెరవంకే చూస్తూ నిలబడ్డారు.

ఒక్కటీ అడ్డం రాలేదు.